గుట్టకింది జట్టుకు యాదమ్మ తీసిన దిష్టి

మాదాపూర్‌లో గుండ్రటి అద్దాల భవనం లేచిన కొత్తలో, అందులో నేల తుడిచే యాదమ్మకు రెండే చింతలు ఉండేవి. ఎంత తుడిచినా ఆ నున్నటి నేల మీద బూట్ల మచ్చలు పోకపోవడం ఒకటి. ఎంత ఆడినా గుట్టకింది హాకీ జట్టు గెలవకపోవడం రెండోది. మొదటిదానికి సూపర్‌వైజర్ ఏదో నీలం మందు తెచ్చి ఇచ్చాడు. రెండోదానికి మందు ఆమే వెతుక్కోవలసి వచ్చింది.

పాలమూరు నుంచి కంకర కొట్టడానికి వచ్చిన మనిషికి హాకీ మీద మనసు ఎట్లా పడిందని ఎవరికైనా అనుమానం రావచ్చు. మనసు పడటానికి రాజమార్గాలు ఉండవు, సందుగొందులే. అద్దాల మేడ రాకముందు అక్కడంతా రాతిగుండ్లు. ఏనుగుల మంద పడుకుని లేవడం మరిచిపోయినట్టు ఉండేవి. ఇంత ముసలి రాళ్ళు భూమ్మీద చాలా కొద్దిచోట్లే ఉన్నాయని చదువుకున్నవాళ్ళు చెబుతారు. ఆ ముసలితనానికి మనం చేసిన మర్యాద, తూటా పెట్టి పేల్చి లారీలకెత్తడం. యాదమ్మ, ఆమె పెనిమిటి పోచయ్య ఆ క్వారీలోనే సుత్తి పట్టారు. క్వారీ గట్టుకు అవతల మొరం మట్టి మైదానం. సాయంత్రమైతే బస్తీ పోరగాళ్ళు అక్కడ హాకీ ఆడేవాళ్ళు. బంతి గట్టు దాటి కంకర కుప్పల్లో పడేది. పైనుంచి ఒక తల తొంగిచూసి ‘అక్కా, బాల్’ అనేది. సుత్తి పట్టిన చెయ్యి విసిరితే బంతి పోయి ఏకంగా మైదానం నడిమధ్యలో పడేది. పోరగాళ్ళు చప్పట్లు కొట్టేవాళ్ళు. జీవితంలో ఆమెకు చప్పట్లు పడిన పని అదొక్కటే. చప్పట్లు మరిగిన మనిషి ఊరుకుంటుందా? మొదట కుండతో నీళ్ళు తెచ్చింది, తరువాత గట్టెక్కి కూర్చుంది, ఆ తరువాత ఏది తప్పో ఏది ఒప్పో నేర్చుకుని ఈల పట్టుకున్న పెద్దమనిషితోనే కొట్లాటకు దిగింది.

ఒకప్పుడు జంట నగరాల్లో హాకీ అంటే హాకీయే. సైనిక పల్టన్ల మైదానాల్లో పుట్టిన ఆ కర్ర, రైల్వే క్వార్టర్ల మీదుగా ఫ్యాక్టరీలకూ, అక్కడినుంచి బస్తీలకూ నడిచి వచ్చింది. తొంభైల చివరికి పిల్లలంతా క్రికెట్ వైపు ఒరిగిపోయారు. నగర లీగ్‌లో అడుగు వరస జట్లు ఇంకా బతికాయంటే యాదమ్మలాంటి మొండివాళ్ళ వల్లే. ఆ అడుగు వరసలో కూడా అడుగున ఉండేది గుట్టకింది జట్టు. దానికి కారణం దాచిపెట్టిందేమీ కాదు. క్వారీ మూతపడ్డాక పోరగాళ్ళంతా కొత్త కొలువులు చూసుకున్నారు. ఒకడు సెక్యూరిటీ, ఒకడు లిఫ్టు దగ్గర, గోల్ కాసే గోలీ మధు ఏమో కంప్యూటర్ పిల్లలను మోసే సుమో డ్రైవరు. డ్యూటీ మారినప్పుడల్లా జట్టు మారేది. ఒక్కో ఆదివారం పదకొండు మంది దొరకడమే గెలిచినంత. సగం సీజన్ దాటేసరికి రెండు ఆటలు సమం, మిగిలినవన్నీ ఓటమి.

యాదమ్మ లెక్క వేరు. ఇంత పెద్ద అద్దాల మేడ చూడటానికి రోజూ బస్సుల్లో జనం దిగుతున్నారు. నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. పక్కనే మైదానం. ఆ చూపులన్నీ ఎక్కడికి పోతాయి? నజర్ తగిలింది, అంతే. మేడ కట్టేటప్పుడు మేస్త్రీలు కోరలున్న దిష్టిబొమ్మను కట్టి మరీ లేపారు, ఆమె కళ్ళారా చూసింది. కంప్యూటర్లకు పనికొచ్చింది కర్రలకు పనికిరాదా?

దిష్టి సంగతిలో దేశమంతా ఒకటే కుటుంబం. బొంబాయి రోడ్డు లారీలకు వెనక పాత చెప్పు, దుకాణాల గుమ్మాలకు నిమ్మకాయా మిరపకాయలూ, పసిపాప బుగ్గకు కాటుక చుక్క. అన్నిటికన్నా బలమైనది మాత్రం బూడిద గుమ్మడికాయ. అందులోనూ ఆదివారం అమావాస్య కలిసొస్తే దానికి తిరుగుండదు. మూసాపేట జట్టుతో ఆట సరిగ్గా అట్లాంటి రోజునే పడింది. యాదమ్మ మార్కెట్‌కు పోయింది. కాయలు జతగా తప్ప ఇవ్వనని కాయలమ్మేవాడు మొండికేశాడు. రెండూ తెచ్చి ఒకటి మంచం కింద పెట్టి, రెండోది నెత్తిన పెట్టుకుని మైదానానికి పోయింది.

గోలంటే ఆమె లెక్కలో ఇంటి గడప. ఇంటికి దిష్టి తీస్తే గడప ముందే కదా కాయ పగలాలి. ఆట మొదలవడానికి ముందు తమ గోల్ ముందర ఒక మూలగా కర్పూరం వెలిగించి, పోరగాళ్ళను వరసగా నిలబెట్టి, మూడుసార్లు తిప్పి కాయను నేలకేసి కొట్టింది. లోపల పోసిన కుంకుమ నీళ్ళతో సహా కాయ నాలుగు దిక్కులకూ చెదిరింది. ఈల పట్టుకున్నాయన దూరంగా నిలబడి చేతులు కట్టుకున్నాడు. కర్పూరం వెలుగుతున్న చోట ఈల ఊదే ధైర్యం మనదేశంలో ఎవరికీ లేదు. పెద్ద ముక్కలు కర్రతో పక్కకు నెట్టారు. గుజ్జూ గింజలూ మాత్రం అట్లాగే ఉండిపోయాయి. దిష్టి తీసినదాన్ని చేత్తో ఎత్తేవాడెవడు?

చేత్తోనే కాదు, కాలితో తొక్కడానికీ లేదు. తొక్కితే ఆ పీడంతా తొక్కినవాడికే. ఈ సంగతి గోలీ మధుకు అందరికన్నా బాగా తెలుసు. అందుకని మొదటి సగమంతా అతను ఆ గుజ్జున్న మూలకు పోకుండా, పొయ్యి చుట్టూ తిరిగే పిల్లిలా, రెండో మూలకే అంటుకుపోయాడు. మూసాపేట కెప్టెన్ కుమార్ ఇది కనిపెట్టి ఖాళీ మూలలోకి తీరిగ్గా ఒక గోలు దూర్చాడు. గట్టు మీద యాదమ్మ తల పట్టుకుంది. దిష్టి తీసినా ఇంతేనా అనుకుంది.

సగం ఆట అయ్యాక జట్లు వైపులు మారాయి. ఇప్పుడు గుజ్జు ముందర మూసాపేట గోలీ. అతనికి దిష్టి పట్టింపులు లేవు, నేరుగా దాంట్లోనే నిలబడ్డాడు. మొదటిసారి బంతికి అడ్డం పోబోయి వెల్లకిలా పడ్డాడు. రెండోసారి లేవబోయి పడ్డాడు. రెండు గోల్స్. గుట్టకింది జట్టు ఆ ఏడు మొట్టమొదటిసారి గెలిచింది. గట్టు మీద డప్పులు మోగాయి. యాదమ్మ చీర కుచ్చెళ్ళు ఎగదోపి ఆడింది. పడినవాడిని చూసి పడీపడీ నవ్వింది కూడా. తరువాత ఆ నవ్వే ఆమెను ఎక్కువగా కుట్టింది.

రెండు రోజులు తిరక్కుండానే క్లబ్ కార్యదర్శి చెన్నకేశవులు అద్దాల మేడ గేటు దగ్గరికి వచ్చాడు. అనంతపురం వైపు మనిషి, ప్లాట్ల వ్యాపారం. అమ్ముడుపోని ప్లాటుకు కూడా నవ్వుతూ దారి చూపించే మనిషి మొహం ఆరోజు వేలాడిపోయి ఉంది. గేటు దగ్గర కాపలా కాస్తున్న పోచయ్యకు ముందు చెప్పి, యాదమ్మను కిందికి పిలిపించాడు. మూసాపేటవాళ్ళు లీగ్‌కు ఫిర్యాదు పెట్టారట. తమ గోలీని పడెయ్యాలనే మైదానాన్ని పాడుచేశారని. అది రుజువైతే క్లబ్ పేరు లీగ్‌లోంచి కొట్టేస్తారట. ఒకసారి కొట్టేస్తే మళ్ళీ చేరడం కల్ల. కొత్త జట్ల కోసం ఎవరూ కాచుకుని లేరు, ఉన్నవాటినే తగ్గించాలని చూస్తున్నారు.

పోచయ్య టోపీ తీసి తల గోక్కున్నాడు. “తల్లీ, జట్టుకు దిష్టి తీయమంటే జట్టునే తీసినవ్” అన్నాడు.

యాదమ్మ అతని మొహంలోకి చూసింది, అంతే. పెనిమిటి మాటకు మాట అప్పగించకుండా ఉండటం వాళ్ళ కాపురంలో అదే మొదలు. పోచయ్యకే భయమేసి, “గట్ల చూడకు, తమాషాకన్న” అని వెనక్కి తీసుకున్నాడు. ఆ వారమంతా ఆమె తుడిచిన చోటే తుడిచింది. ఆమె పిల్లలను కనలేదు. ఆ సంగతి ఎవరైనా ఎత్తితే, మైదానం నిండా ఉన్నరు కదా అనేది. ఇప్పుడు వాళ్ళ ఇంటిని తన చేత్తోనే పడగొట్టుకుంది. క్లబ్ పోతే ఆ మొరం మైదానం కూడా ఎన్నాళ్ళో నిలవదని ఆమెకు తెలుసు. చుట్టూ ప్లాట్ల రాళ్ళు పాతుకుంటూ వస్తున్నాయి. జట్టున్నంతవరకే అది మైదానం, లేకపోతే స్థలం.

విచారణ రోజు మధు తోలిన సుమోలో యాదమ్మ, పోచయ్య, చెన్నకేశవులు సికింద్రాబాద్ పోయారు. దారి పొడుగునా చెన్నకేశవులు ఆమెకు నేర్పిస్తూనే ఉన్నాడు. కాయ చెయ్యి జారి పడిందని చెప్పమన్నాడు. అది కాకపోతే, ఎవరో తెలియని ఆడమనిషి కొట్టిందని చెప్పమన్నాడు. యాదమ్మ కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

లీగ్ ఆఫీసు అంటే ఒక గది, గోడలకు పాత జట్ల ఫోటోలు, మధ్యలో బల్ల. బల్ల వెనక అధ్యక్షుడు సీతారామాంజనేయులు. గోదావరి జిల్లా నుంచి రైల్వే ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన మాజీ ఆటగాడు, మోకాలు పోయింది గాని గొంతు పోలేదు. పక్కన ఇద్దరు సభ్యులు. ఎదురుగా మూసాపేట కెప్టెన్ కుమార్. కుర్చీ చూపిస్తే యాదమ్మ కూర్చోలేదు.

కాయ ఎవరు కొట్టారని అధ్యక్షుడు అడిగాడు. చెన్నకేశవులు గొంతు సవరించుకునేలోపే ఆమె నేనే అంది. ఎందుకు కొట్టావంటే దిష్టికి అంది. వాళ్ళ గోలీ పడాలని కొట్టావా అంటే మాత్రం కొంగు బిగించింది.

“ఒకల్లు పడాల్నని దిష్టి తీస్తరా సారూ? మా పోరగాండ్లు ఓడి ఓడి అన్నం సరిగ తింటలేరు. అందుకని తీసిన. పడెయ్యాల్నంటే వాళ్ళ ముంగట కొడుతగాని మా ముంగట ఎందుకు కొడుత?”

అధ్యక్షుడు కళ్ళజోడు తీశాడు. “సగం ఆటయ్యాక వైపులు మారతాయి కదమ్మా. ఇన్నేళ్ళుగా చూస్తున్నారు, ఆ మాత్రం తెలియదాండీ?”

“తెలుసు సారూ. తెలువక కాదు, యాదికి రాలే.” బిగించిన కొంగు వదిలింది. “దిష్టి తీసేటప్పుడు అది గోలని అనుకోలే. మా గడప అనుకున్న. గడప ఏడన్న దిక్కు మారుతదా?”

సభ్యుల్లో ఒకాయన, మరి మీ గోలీ కూడా మొదటి సగం అక్కడే ఉన్నాడుగా, అతనెందుకు పడలేదని అడిగాడు. మంచి ప్రశ్నే. మధు తల వంచుకుని తను ఆ మూలకే పోలేదని చెప్పాడు. ఎందుకంటే తొక్కకూడదు కాబట్టి. గోలీ అయ్యుండి సగం గోల్ వదిలేశావా అంటే, “మా అక్క తీసిన దిష్టి సార్, ఎట్ల తొక్కుత?” అన్నాడు.

అధ్యక్షుడు కుమార్ వైపు తిరిగి, మొదటి గోలు ఎటునుంచి వేశావు నాయనా అన్నాడు. కుమార్ గోడ మీది ఫోటోలన్నీ ఒకసారి చూశాడు. అబద్ధమాడే మనిషి కాదు, మూసాపేటలో ఫ్యాక్టరీ కార్మికుడు, కష్టం తెలిసినవాడు.

“గా మూలకే సార్. గోలీ అటు వస్తలేడని సమజైంది. ఎందుకు వస్తలేడో ఇప్పుడు సమజైంది.”

అనేసి నవ్వాపుకోలేక తల పక్కకు తిప్పుకున్నాడు. ఆ నవ్వు సభ్యులకు అంటుకుంది. అధ్యక్షుడు మాత్రం నవ్వలేదు, అందరినీ బయట కూర్చోమన్నాడు.

బయట మెట్ల మీద గడిచిన సేపు ఎంతో యాదమ్మకు తెలియదు. ఎదురుగా రోడ్డు మీద ఆటోలు పోతున్నాయి, చెరుకురసం బండి గంట మోగుతోంది, ప్రపంచానికి ఏమీ పట్టినట్టు లేదు. పోచయ్య ఒక గ్లాసు తెచ్చి చేతిలో పెడితే అట్లాగే పట్టుకుని కూర్చుంది. “మైసమ్మ తల్లీ, నన్ను ఆట చూడనియ్యకున్నా మంచిదే, పోరగాండ్లను ఆడనియ్యి” అని మొక్కుకుంది. దేవతలు అన్ని మొక్కులూ వింటారో లేదో గాని, ఆ మొక్కును అక్షరాలా విన్నారు.

అధ్యక్షుడు పిలిచి తీర్పు చెప్పాడు. దురుద్దేశం లేదు, కాని మైదానం పాడైన మాట నిజం. కాబట్టి ఆ గెలుపు చెల్లదు, ఆట మళ్ళీ ఆడాలి. జట్టుకు మూడు పాయింట్లు కోత. సీజన్ అయ్యేదాకా గుట్టకింది అభిమానులు మైదానంలో కాలు పెట్టకూడదు, జట్టు పేరుతో బయటినుంచి కేకలు కూడా వినపడకూడదు. కొబ్బరికాయ, గుమ్మడికాయ, నిమ్మకాయ ఏదీ గోల్ దరిదాపులకు రాకూడదు. “క్లబ్ పేరు మాత్రం ఉంటుందండి” అని చివర్న అన్నాడు.

యాదమ్మకు ఆ చివరి మాట తప్ప ఏదీ వినిపించలేదు. చేతిలోని గ్లాసు ఒక్క గుక్కలో ఖాళీ చేసి, “చల్లగుండు సారూ” అని దండం పెట్టింది. శిక్ష వేయించుకున్నవాళ్ళు దీవించడం ఆయన అనుభవంలో లేదనుకుంటా, కళ్ళజోడు ఎక్కడ పెట్టాడో వెతుక్కున్నాడు.

సుమోలో చెన్నకేశవులు వేళ్ళు మడిచి చూసుకున్నాడు. “ఉండేదే రెండు పాయింట్లు. మూడు తీసినారు. అంటే ఒగటి మనమే లీగ్‌కు బాకీ పడినామప్పా” అన్నాడు. మధు స్టీరింగ్ మీద తల ఆనించి నవ్వాడు. చాప మీద పడుకున్నవాడు మంచం మీంచి పడతాడా అన్నాడు పోచయ్య. ఆ మాట సాయంత్రానికి బస్తీ అంతా తిరిగింది.

బస్తీలో అందరూ ఒకేలా తీసుకోలేదు. మమ్మల్ని బయట నిలబెట్టే మొనగాడెవడని ఎగిరినవాళ్ళున్నారు. గెలిచిన ఒక్క ఆటా గుంజుకున్నారని టీ కొట్టు బల్ల గుద్దినవాళ్ళున్నారు. సికింద్రాబాద్‌వాళ్ళకు మాదాపూర్ అంటే ఎప్పుడూ చిన్నచూపేనని చరిత్ర చెప్పినవాళ్ళున్నారు. యాదమ్మ అందరి మాటా విని, “పేరున్నదా లేదా? ఉన్నది. ఇగ ఫికర్ దేనికి?” అని ఇంటికి పోయింది. ఆ రాత్రి ఆమె గురక విని పోచయ్య కూడా ఎన్నాళ్ళకో నిశ్చింతగా పడుకున్నాడు.

పొద్దున ఊడుస్తుంటే మంచం కింద రెండో కాయ చీపురుకు తగిలింది. దిష్టికి పనికిరాకుండా పోయిన కాయ. పారెయ్యడానికి చెయ్యి రాలేదు. వేసవి ఎండలు ముదురుతున్నాయి. కాయ కోసి, ముక్కలకు ఉప్పు రాసి, నీళ్ళు పిండి, మినపపిండి పచ్చిమిర్చితో కలిపి వడియాలకు సిద్ధం చేసింది. ఎండబెట్టడానికి మంచి చోటు ఏదని ఆలోచించుకుంటే ఒకటే తోచింది. మైదానం గోడకు బయట, పేల్చకుండా మిగిలిపోయిన పెద్ద రాతిగుండు. దాని మీద ఎండకు పెనం అక్కరలేదు. పైనుంచి చూస్తే మైదానం అరచేతిలో ఉన్నట్టుంటుంది.

మళ్ళీ ఆడే ఆట రోజున ఆ గుండు మీద పాత చీర పరిచి యాదమ్మ వడియాలు పెట్టింది. వడియాలు గంపెడు, వాటికి కాపలా బస్తీ అంతా. ఇరవై ముప్పై మంది చీర చుట్టూ బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. డప్పులు ఇంట్లోనే వదిలేశారు. కింద ఈల మోగింది.

మొదట ఎవరూ నోరు విప్పలేదు. పెళ్ళివారి ముందు కూర్చున్నట్టు బిగదీసుకున్నారు. మూసాపేటవాళ్ళు ఒక గోలు వేశారు. పోచయ్య పళ్ళు నూరాడు. ఇంతలో నిజంగానే ఒక కాకి వచ్చి చీర అంచున వాలింది. యాదమ్మ లేచి, కొండలు మారుమోగేలా “హుష్” అంది. కింద మధు తల ఎత్తాడు. ఆ గొంతు అతనికి తెలుసు. ఆమెకు ఏదో తోచింది.

కాసేపటికి కుమార్ బంతి తీసుకుని ఎడమ పక్కనుంచి వస్తున్నాడు. చెట్టు మీద కూడా కాకి లేదు. యాదమ్మ చేతులూపుతూ, “ఎడమ దిక్కుకెళ్ళి వస్తున్నది కాకి, జర చూసుకో” అని అరిచింది. మధు ఎడమకు జరిగాడు. బంతి అతని కాలి కవచానికి తగిలి బయటికి పోయింది. ఇక ఆగారా? గుండు మీద ముప్పై మందికీ కాకులే కాకులు. కుడిపక్కన కాకి, నడిమధ్య కాకి, వెనకనుంచి దొంగకాకి.

ఈసారి ఆట తనే చూడటానికి వచ్చి గోల్ వెనక కుర్చీలో కూర్చున్న సీతారామాంజనేయులు చెయ్యి అడ్డంపెట్టుకుని పైకి చూశాడు. ఆ బండ మీద ఎవరండీ అని చెన్నకేశవులును అడిగాడు. వడియాలు పెట్టుకున్నారు సార్ అన్నాడు చెన్నకేశవులు. అంతమందా అంటే, ఈ పక్క కాకులు జాస్తి సార్ అన్నాడు. అధ్యక్షుడు మోకాలు నిమురుకున్నాడు. జట్టు పేరు ఎవరూ అనలేదు, గోడ ఎవరూ దాటలేదు. “గుమ్మడి వడియాలేనా?” అన్నాడు చివరికి. అవునంటే, ఎండాక తనకు ఒక గుప్పెడు పంపమని చెప్పాడు.

ఆట చివరికి వచ్చేసరికి గుట్టకింది పోరగాళ్ళు కూడా ఒక గోలు వేశారు. ఎవడు వేశాడో పైనుంచి సరిగా కనపడలేదు, ముగ్గురు ఒకేసారి కర్రలెత్తారు. మధు ఆఖరి ఈల వరకూ తన గోల్ రెండు మూలలూ కాసుకున్నాడు. ఒకటీ ఒకటీ, సమం. సమమైతే ఒక పాయింటు.

చెన్నకేశవులు మైదానం దాటి గోడ దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. ప్లాటు అమ్ముడుపోయినప్పుడు కూడా అతను అట్లా పరుగెత్తడం ఎవరూ చూసి ఉండరు. “బాకీ తీరిపాయ యాదమ్మా. సున్నాకు వచ్చినాం” అని కింద నుంచి అరిచాడు.

సున్నాకు అంత సంబరం ఆ చుట్టుపక్కల ఎన్నడూ జరిగి ఉండదు. చప్పట్లు కొట్టవచ్చో లేదో తీర్పులో చెప్పలేదు కాబట్టి ముప్పై మందీ కొట్టారు. కింద మధు హెల్మెట్ తీసి గుండు వైపు తిరిగి, “అక్కా, బాల్” అని అరిచాడు. అతని చేతిలోనే ఉంది బంతి. యాదమ్మ పైట చెంగుతో మొహం తుడుచుకుని, చెమట అంది.

పొద్దు వాలుతోంది. జనం ఒక్కొక్కరే గుండు దిగుతున్నారు. పోచయ్య లేచి, ఇగ పోదామా అన్నాడు. ఆమె చీర మీదికి వంగి ఒక వడియం చూసింది. పైన ఎండింది గాని కింద ఇంకా తడే.

“ఆగు” అంది. “వైపు మార్చాలె.” కూర్చుని ఒక్కొక్కటే తిప్పడం మొదలుపెట్టింది.